పన్నెండు ఎవరిది

మేకు ఖాళీగానే ఉంది కదా అని వదిన దానికి గొడుగు తగిలించింది. అందులో తప్పేముంది? వాన పడుతోంది, గొడుగు తడిగా ఉంది, మేకు ఎదురుగా ఉంది. అమ్మ సంచీ వేలాడిన రోజుల్లో దాన్ని ఎవరూ మేకు అనుకోలేదు. అది అమ్మ చోటు. అమ్మ పోయిన రోజున ఆ చోటు ఖాళీ కాలేదు, గొడుగు ఎక్కిన రోజున అయింది. అప్పుడు కూడా కాలేదేమో. అయి ఉంటే ఇప్పటికీ ఆ గోడ వైపు చూసినప్పుడల్లా గొడుగు ఎందుకు పరాయిదిలా కనిపించాలి? వెళ్లిపోయినవాళ్ల చోట ఇంకొకటి తెచ్చి పెట్టేవాళ్లు రెండు రకాలు. ఖాళీగా ఉంది కదా అని పెట్టేవాళ్లు. ఖాళీని చూడలేక పెట్టేవాళ్లు. మూడో రకం ఉంటారా? ఉంటే వాళ్లు ఎందుకు పెడతారు...

"మేడం, నిద్రపోయిండ్రా?"

టౌన్ సి.ఐ. అమరేందర్ సగం ఎత్తిన షట్టర్ కింద నిలబడి ఉన్నాడు. పూర్తిగా లోపలికి రాడు, బయటికీ పోడు. కేసు తనది. దాని మధ్యలోకి జిల్లా సైబర్ విభాగం నుంచి ఒక ఇన్‌స్పెక్టర్ వచ్చి కూర్చోవడం అతనికి నచ్చలేదు. ఆ సంగతి దాచే ప్రయత్నం కూడా అతను చేయలేదు.

"లేదు సార్, చదువుతున్న," అంది గోదావరి, తెర మీంచి చూపు తిప్పకుండా.

"గా అయిదు లైన్లు చదవనీకె గింత సేపా? నాలుగింటికి ఎల్లంను మెజిస్ట్రేటు ముందు పెట్టాలె. మీ రిపోర్టుల ఒక్క ముక్క రాస్తె సాలు. కెమెరా బంద్ చేసింది నెట్టు తెలిసినోడే అని."

"నెట్టు తెలిసినోళ్లు ఊర్ల మస్తు మంది ఉన్నరు. మీ ఇంట్ల మీ పిల్లగాడు హర్షిత్ లేడా?"

"మా హర్షిత్ గాడు గేములాడుతడు మేడం. ఖూనీలు చెయ్యడు."

చర్చికి వెళ్లే దారిలో ఉన్న ఆ చిన్న దుకాణంలో జిరాక్సులు తీసేవారు, ఆన్‌లైన్ దరఖాస్తులు నింపేవారు. దాని యజమాని ఎబినేజర్. ముప్పై నాలుగేళ్లు, పెళ్లి కాలేదు. పోయిన గురువారం సాయంత్రం కౌంటర్ లోపల వెల్లకిలా పడి ఉండగా పక్క దుకాణం వాళ్లు చూశారు. తల వెనక ఒకటే దెబ్బ. దుకాణంలో ఒక కెమెరా ఉంది. ఆ రోజు ఆరు దాటాక అది చూపు పోగొట్టుకుంది. ఏడుంపావుకు మళ్లీ తెరిచింది. తెరిచినప్పుడు అది చూసిన మొదటి దృశ్యం శవం.

అమరేందర్ ఆ రాత్రే ఎల్లంను పట్టుకున్నాడు, అరెస్టు మాత్రం ఇంకా కాగితం మీద చూపలేదు. ఎల్లం ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే మనిషి. గురువారం మధ్యాహ్నం ఈ దుకాణానికి కొత్త రూటర్ బిగించాడు. అప్పుడు ఇద్దరూ గట్టిగా గొడవపడటం వీధంతా విన్నది. ఎల్లం పనిముట్టు ఒకటి దుకాణంలోనే దొరికింది.

"ఎబినేజర్ ఏమని ఒర్రిండో యాదికుందా మేడం?" అన్నాడు అమరేందర్. "'నా నంబర్లు ముట్టకు, ముట్టినవంటే చెయ్యి ఇరగ్గొడ్త' అన్నడు. ఏం నంబర్లు? పైసల నంబర్లా, ఆడపిల్లల నంబర్లా? ఏదో ఉంది లోపల. ఎల్లం గాడు కక్కుతలేడు."

"కక్కిండు సార్. మీరు వినలె."

పొద్దున లాకప్‌లో ఎల్లం ఏడుస్తూ చెప్పిన మాటలు ఆమెకు గుర్తున్నాయి. 'నంబర్లు రూటరే ఇచ్చుకుంటది, నువ్వెందుకు పరేషాన్ అయితవ్ అన్నా అని చెప్పిన. గంతే మేడం. ఆయన మొఖమే మారిపోయింది. అన్నీ చేత్తోనే రాసుకుండు. రాసినంక మళ్ల నాకు చాయ్ తెప్పించిండు, కోపం చెయ్యకు తమ్మీ అన్నడు. గా తొందరల నా సామాను ఆడనే మర్చిన.'

"గీ నంబర్లు సార్," అని గోదావరి తెరను అతని వైపు తిప్పింది. "రాండ్రి. షట్టర్ మీద పడదు."

అతను లోపలికి వచ్చాడు.

రూటర్‌కు కలిసే ప్రతి యంత్రానికీ ఒక అడ్రసు కావాలి. 192.168.1 దాకా అందరికీ ఒకటే, వీధి పేరులా. ఆఖరున వచ్చే అంకె ఒక్కటే ఇంటి నంబరు. చాలామంది ఆ పని రూటర్‌కే వదిలేస్తారు. ఎవరు వస్తే వాళ్లకు అది ఖాళీగా ఉన్న నంబరు ఇస్తుంది, పోయాక తీసుకుంటుంది, ఇంకొకరికి ఇస్తుంది. దానికి జ్ఞాపకం ఉండదు, బాధా ఉండదు. ఎబినేజర్ ఆ పని రూటర్‌కు వదలలేదు. ఎవరి నంబరు వాళ్లకు శాశ్వతంగా రాసి పెట్టాడు. రెండు ప్రింటర్లకు ఇరవై ఒకటి, ఇరవై రెండు. కౌంటర్ మీది కంప్యూటర్‌కు ఇరవై మూడు. తన సొంత లాప్‌టాప్‌కు పదకొండు. కెమెరాకు పన్నెండు.

"అయితే?" అన్నాడు అమరేందర్.

"సామానంతా ఇరవైలల్ల ఉంది. పదుల వరస మనుషులది. పదకొండు ఆయన. కెమెరా సామానే కద సార్, అది పోయి మనుషుల వరసల ఎందుకు కూసున్నది?"

"ఖాళీ ఉంటే ఇచ్చిండు. ఇండ్ల కిరాయికి ఇచ్చినట్టు." నవ్వాడు. "మేడం, మీరు మనుషుల కంటె అంకెలకు ఎక్కువ ఆలోచిస్తరు."

ఆ మాట అతను అన్నంత తప్పేమీ కాదు. అంకెలు మనిషి అబద్ధమాడేటప్పుడు కూడా రాసేవే. వాటిని ఎవరూ చూడరన్న నమ్మకంతో రాస్తారు. అందుకే అక్కడ మనసు బట్టలు లేకుండా దొరుకుతుంది.

ఆమె లేచి కౌంటర్ లోపలికి వెళ్లింది. కూర్చోవడానికి టేకు బెంచీ ఒకటి ఉంది, ఒక మనిషికి సరిపోయేంత. దాన్ని చూడగానే ఎక్కడో తేడా అనిపిస్తుంది. ఎడమ వైపు కాళ్లు పాతవి, నగిషీ చేసినవి. కుడి వైపు కాళ్లు కొత్తవి, ఉత్త చెక్క ముక్కలు. ఒకప్పుడు ఇది పొడవాటి బెంచీ. ఎవరో మధ్యకు కోసేశారు. గోదావరి కింద కూర్చుని కోసిన చివర మీద అరచెయ్యి ఆనించింది. చంటిపిల్ల బుగ్గలా నున్నగా ఉంది. అంచు గుండ్రంగా తిరిగింది. మిగతా బెంచీ అంతా చేతుల జిడ్డుతో నల్లబడితే, ఈ ఒక్క చివర కొత్త చెక్క రంగులో ఉంది.

"సార్, గురువారం కెమెరా తిరిగొచ్చినప్పటి ఫొటో మీ ఫోన్ల ఉందా?"

ఉంది. ఆమె దాన్ని పెద్దది చేసింది. ఎబినేజర్ ముఖాన్ని దాటించి, పక్కకు జరిపింది. బెంచీ చివర కనబడింది. కోసిన రంపపు పళ్ల గీతలు, పేళ్లు లేచిన గరుకు అంచు, కత్తిలాంటి మూల.

"డాక్టర్ ఏమన్నడు సార్? దెబ్బల ఏమన్న దొరికిందన్నడా?"

"కట్టె పేడు సన్నది. పడ్డడు కద, నేల మీదిదేమో అన్న."

"నేల బండలది సార్."

అమరేందర్ ఫోను తీసుకుని ఆ మూలను మళ్లీ పెద్దది చేసి చూశాడు.

"ఈ దుకాణం తాళం ఎవరికిచ్చిండ్రు?"

"పెద్దాయనకు. వాళ్ల నాయనకు. శనివారం సమాధి అయినంక వచ్చి, కొడుకు సామాను జర చూసుకుంట అన్నడు. పంచనామా అయిపోయింది, ఫొటోలు తీసుకున్నం. కొడుకు పోయినోనికి కాదు పో అంటమా?" అతని గొంతులో కోపం లేచింది. "మీరేం చెప్తున్నరు మేడం? గాయన చర్చిల పాడేటి మనిషి. చర్చిల బెంచీలు సగం గాయన చేతివే."

"గందుకే సార్," అంది గోదావరి. "పిలిపించిన. వస్తుండు."

*

జకరయ్య పనిముట్ల సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. అరవై దాటిన వడ్రంగి. నాలుగు రోజుల గడ్డం. పిలిచింది పోలీసులని తెలిసీ పనిముట్లతో రావడం అమరేందర్‌కు వింతగా అనిపించలేదు. గోదావరికి అనిపించింది. శోకంలో ఉన్న మనిషి సాధారణంగా తన పనిని ఇంటి దగ్గర దింపేస్తాడు. దింపలేని బరువు ఆ సంచీలో ఏదో ఉంది.

"కూసోండ్రి జకరయ్య గారూ."

ఆయన బెంచీ మీద కూర్చోలేదు. గిరాకీలు కూర్చునే ప్లాస్టిక్ స్టూలు లాక్కున్నాడు. సంచీ ఒళ్లో పెట్టుకున్నాడు.

"కెమెరా పెట్టుమన్నది మీరేనా?"

"నేనేనమ్మా. ఎబి వద్దన్నడు. నాలుగు నెలల కింద నేనే పెట్టించిన. ఇంట్ల కూసోని ఫోన్ల చూస్త."

"ఎందుకు? దొంగల భయమా?"

"గట్లనే."

"గీ బెంచి మునుపు ఇద్దరు కూసునేటిది కద?"

ఆయన వేళ్లు సంచీ పట్టీని నలిపాయి. "కోసిన."

"ఎందుకు?"

"కూసునేటోళ్లు లేరు."

అమరేందర్ గోదావరి వైపు ఒంగి, తగ్గు గొంతుతో, "బిడ్డ. నవోమి. ఇద్దరన్నాచెల్లెండ్లు కలిసి పెట్టిన దుకాణమిది. టేక్మాల్ పటేళ్ల పిల్లగాన్ని చేసుకుంది. అప్పటి నుంచి పెద్దాయన లెక్కల సచ్చిపోయింది," అన్నాడు.

తగ్గించినా ఆ మాట జకరయ్యకు వినబడింది. ఆయన ముఖంలో ఏమీ కదల్లేదు. ఎంతోకాలం ఒకే వాక్యాన్ని తనకు తాను చెప్పుకున్న మనిషికి, దాన్ని ఇతరుల నోట వింటే ఆశ్చర్యం ఉండదు. అలసట ఉంటుంది.

"గురువారం సాయంత్రం మీరెక్కడున్నరు?"

"చర్చిల. గురువారం పాటల ప్రాక్టీసుంటది. ఆరింటి నుంచి ఎనిమిదింటి దాక. అయిపోయినంక బయటికొస్తే చెప్పిండ్రు." సంచీని దగ్గరికి లాక్కున్నాడు. "నా కొడుకు పోయిండని."

"మధ్యల లేవలేదా?"

"లేవలె."

"కెమెరా గంతకు ముందు గూడ మూడుసార్లు పోయింది. మీకు తెలుసా?"

"నెట్టు పోతుంటది కదమ్మా."

"మూడుసార్లూ గురువారమే పోయింది," అంది గోదావరి. "సాయంత్రం ఆరు దాటినంకనే. మీరు పాటల కాడ ఉన్నప్పుడే."

అమరేందర్ తల ఎత్తాడు. ఆ మూడు తేదీలూ అతని దగ్గర నాలుగు రోజులుగా ఉన్నాయి. వారాలు చూసుకోలేదు.

"జకరయ్య గారూ, మీ ఫోన్ల కెమెరా తెరిచి జర గీ కౌంటర్ మీద పెట్టుండ్రి. ఒకటి చూపిస్త."

ఆయన పెట్టాడు. చిన్న తెరలో దుకాణం కనబడింది. పైనుంచి చూస్తే ముగ్గురూ పొట్టిగా, ఒకరికొకరు ఏమీ కానివాళ్లలా ఉన్నారు. గోదావరి తన లాప్‌టాప్ తెరిచి ఆ దుకాణపు వైఫైలోకి వెళ్లింది. అడ్రసు రూటర్ ఇవ్వక్కర్లేదని, తానే రాసుకుంటానని ఎంచుకుంది. 192.168.1. ఆఖరున పన్నెండు.

"ఒక్క నంబరుకు ఇద్దరు నేనే అంటే ఏమైతది సార్? కొన్ని మొండికేస్తయి, కొన్ని తప్పుకుంటయి. గీ కెమెరా తప్పుకునే రకం."

ఎంటర్ నొక్కింది.

అమరేందర్ ఫోను మీదికి ఒంగాడు. కౌంటర్, స్టూలు, ముగ్గురు మనుషులు ఒక్కసారి బిగుసుకున్నట్టు ఆగిపోయారు. తర్వాత తెర నల్లబడింది. మధ్యలో చిన్న చక్రం తిరగసాగింది.

"పోయింది!" అన్నాడు అమరేందర్. "అమ్మ దీనెక్క, ఎవరూ ముట్టకుంటనే పోయింది!"

గోదావరి ఫోను చూడలేదు. ఆమె జకరయ్యను చూస్తోంది. కెమెరా పోయిందన్న మాట చెవిన పడగానే ఆయన కళ్లు ఫోను వైపు పోలేదు. గోడకున్న కెమెరా వైపూ పోలేదు. దుకాణం వెనక తలుపు వైపు పోయాయి. అక్కడ ఎవరో వచ్చి నిలబడి ఉంటారన్నట్టు.

ఆమె తన లాప్‌టాప్ మూసింది. చక్రం తిరుగుతూనే ఉంది. రెండు మూడు నిమిషాలకు కెమెరా తేరుకుని మళ్లీ కళ్లు తెరిచింది.

"గంత సేపు పడుతది సార్," అంది. "పన్నెండు నంబరు ఉన్న యంత్రాన్ని తీస్కపోయినంక గూడ కెమెరా వెంటనే రాదు. మనిషి వీధి దాటేదాక టైముంటది. గందుకే గురువారం కెమెరాకు ఎవరూ దొరకలె. ఎల్లం బంద్ చేసి ఉంటే మళ్ల ఎందుకు చాలు చేస్తడు? శవాన్ని చూపియ్యనీకెనా?"

"మరి ఎవరు మేడం గా పన్నెండు?"

"నవోమి," అంది గోదావరి. "పొద్దున టేక్మాల్‌కు ఫోన్ చేసిన. దుకాణం పెట్టినప్పుడు అన్న పదకొండు తీసుకుండు, చెల్లెకు పన్నెండు ఇచ్చిండు. ఆమె పాత లాప్‌టాప్‌ల ఇప్పటికీ అదే రాసి ఉంది. నెలకొకసారి గురువారం ఆరు దాటినంక వెనక తలుపు నుంచి వచ్చేది. లాప్‌టాప్ తెరిచేది, అన్న పని జర చేసిపెట్టేది, ఆఖరి బస్సుకు పోయేది. మొన్న గూడ వచ్చింది, పోయింది. లాప్‌టాప్ బ్యాటరీ బాగలేదంటే చూస్త ఉంచు అన్నడంట. ఇక్కడనే ఉంచి పోయింది. బంద్ చెయ్యకుండనే."

అమరేందర్ బెంచీ మీద కూలబడ్డాడు. "అంటే చెల్లె నంబరు కెమెరాకు ఇచ్చి మర్చిపోయిండన్నట్టు. ఎంత పిచ్చి తప్పు!"

"తప్పు కాదు సార్. కొత్త రూటర్ వచ్చినంక గూడ మళ్ల పన్నెండే రాసిండు. ముడితే చెయ్యి ఇరగ్గొడ్త అన్నడు." ఆమె జకరయ్య వైపు తిరిగింది. ఈ మాట ఈ మనిషికి చెప్పాలా అని లోపల ఏదో అడిగింది. చెప్పకుండా ఎల్లంను విడిపించలేదు. "కెమెరా పెట్టుమన్నది మీరు. దొంగల కోసం కాదు, బిడ్డ వస్తదేమోనని. మీ మాట కాదనలె ఆయన, పెట్టిండు. కానీ దానికి చెల్లె నంబరు ఇచ్చిండు. ఆమె వచ్చి కూసుంటే మీ కన్ను దానంతట అదే మూసుకునేటట్టు."

మూడో రకం. చోటును ఇంకెవరూ తీసుకోకుండా కాపలాగా ఒకదాన్ని పెట్టేవాళ్లు. కాపలా పెట్టింది శత్రువునే. తండ్రి కర్రను కోశాడు. కోసింది అందరికీ కనబడింది. కొడుకు ఎవరికీ కనబడని చోట ఆ బెంచీని అలాగే ఇద్దరికీ ఉంచాడు. ఈ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ గట్టిగా ఏమీ అనుకుని ఉండరు. రంపంతో ఒకరు, అంకెతో ఒకరు మాట్లాడుకున్నారు.

"పాట మధ్యల ఫోన్ చూసుకుని లేచి పోయిండని మీ పక్కన నిలబడి పాడే ఆయన చెప్పిండు," అంది గోదావరి మెల్లగా. "కోసిన చివరకు మీరు ఇన్నేండ్లు చిత్రిక పట్టలె. శనివారం తాళం తీసుకుని వచ్చి పట్టిండ్రు. నెత్తురు పోనీకెనా?"

జకరయ్య తల అడ్డంగా ఊపాడు. చాలాసేపు ఊపాడు.

"నెత్తురు ఆనాడే పోలీసోళ్లు తుడిచిండ్రు," అన్నాడు. "చెయ్యి ఊరుకోలె మేడం. గంత మంచి టేకు. కోపంల కోసి గట్లనే ఇడిసిపెట్టిన. చిత్రిక పట్టు డాడీ, ప్యాంటు చినుగుతుంది అని ఎబి ఎన్నిసార్లన్నడో. పట్టలె. పట్టి ఉంటె..."

"జకరయ్యా!" అన్నాడు అమరేందర్. అతని గొంతులో పోలీసు లేడు.

"నేను కొట్టలె సారూ. కొట్టలె. మళ్ల గురువారమే కెమెరా పోయేసరికి ఆ పిల్ల వచ్చిందని సమజయింది, పాట ఇడిసి లేచొచ్చిన. వచ్చేసరికి ఒక్కడే కూసుండు. ముంగట రెండు చాయ్ కప్పులు. ఆ పిల్ల లాప్‌టాప్ తెరిచి ఉంది, దాని మీద దుకాణం పెట్టిన కొత్తల అంటించిన పువ్వుల బొమ్మ గట్లనే ఉంది. నాకు కండ్లు మసకలయినయి. దాన్ని గుంజిన. ఇడువ్ డాడీ అన్నడు. నేను ఇడువలె. వాడే ఇడిసిండు. నేను పడిపోతనని వాడే ఇడిసిండు. ఇడిసి ఎనుకకు పడ్డడు."

ఆయన సంచీ తెరిచాడు. ఉలి, సుత్తి, చిత్రిక తీసి ఒక్కొక్కటీ కౌంటర్ మీద పెట్టాడు. అడుగున తువ్వాల్లో చుట్టిన లాప్‌టాప్ ఉంది. దాన్ని మాత్రం ఒళ్లోనే ఉంచుకున్నాడు.

"పారేద్దామని మంజీర ఒడ్డు దాక పోయిన. చెయ్యి రాలె."

"ఎల్లంను పట్టుకపోయినరు. తెలుసు కద?" అంది గోదావరి. "వానికి ఇద్దరు చిన్న పిల్లలు. నాలుగు రోజులు ఎట్ల ఊరుకున్నరు?"

"రోజూ స్టేషన్ దాక వచ్చిన. గేటు కాడి నుంచి మళ్లిన." ఆయన మొదటిసారి ఆమె కళ్లలోకి చూశాడు. "జేలు భయం కాదమ్మా. చెప్తే ఎందుకొచ్చినవ్ అంటరు. దేని కోసం గుంజినవ్ అంటరు. అన్న తన కోసమే సచ్చిండని ఆమెకు తెలుస్తది. నేను ఆమెకు ఏం ఇయ్యలె. గిదొక్కటి తెల్వకుండ ఉంచుదామనుకున్న. ఆమెకు మాత్రం చెప్పకుండ్రి మేడం."

గోదావరికి వెనక తలుపు కనబడుతోంది. అది ఎప్పుడు తెరుచుకుందో ఎవరూ వినలేదు. చెప్పులు చేతిలో పట్టుకుని, చప్పుడు కాకుండా రావడం అలవాటైన మనిషి ఒకామె గడపలో నిలబడి ఉంది. రమ్మన్నది తానే. బస్సు ఇంత తొందరగా వస్తుందనుకోలేదు.

నవోమి అంతా విన్నది. ఎక్కడి నుంచి విన్నదో ముఖం చెబుతోంది.

జకరయ్య చూశాడు. చూసి, స్టూలు మీద ఒక్కసారిగా గోడ వైపు తిరిగిపోయాడు. కోపం కాదది. ఇన్నేళ్లు చూడనని పట్టుబట్టిన మనిషి, ఇప్పుడు చూడటానికి అర్హత లేదనుకుంటున్నాడు. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. వీపే కనబడుతుంది.

అమరేందర్ లేచాడు. షట్టర్ దగ్గరికి పోయి ఫోన్ తీశాడు. "ఎల్లంను కోర్టుకు తేవొద్దు," అన్నాడు ఎవరితోనో. "ముందు వానికి అన్నం పెట్టించుండ్రి. వాళ్ల ఇంటికి కబురు చేయుండ్రి, వస్తుండని." ఇంకేదో అడిగారు అవతల. "నా లెక్కనే తప్పయింది, పెట్టెయ్యి," అని కట్ చేశాడు. గోదావరి వైపు చూడకుండా, "అయిదు నిమిషాలు మేడం. మళ్ల తీస్కపోవాలె. లాప్‌టాప్ గూడ," అన్నాడు.

నవోమి గోదావరినే అడిగింది, తండ్రిని కాదు.

"ఎక్కడ కూసోవాలె మేడం?"

అమరేందర్ కూర్చుని లేచిన బెంచీ ఖాళీగా ఉంది. నవోమి దాని మీద కూర్చుంది. కోసిన చివర మీద చెయ్యి పడింది. ఆ నునుపు తెలిసి చెయ్యి అక్కడే ఆగిపోయింది. తండ్రి చేతిపనిని ఆమె చిన్నప్పటి నుంచీ చేత్తో గుర్తుపట్టగలదు.

"పాస్‌వర్డ్ కావాలె నవోమీ. ఒకసారి తెరిచి చూపించాలె," అంది గోదావరి. జకరయ్య ఒళ్లోంచి లాప్‌టాప్ తీసి, చార్జర్ పెట్టి, నవోమి ఒళ్లో ఉంచింది. నవోమి మూత ఎత్తింది. మూల పువ్వుల బొమ్మ. వేళ్లు వాటంతట అవే ఏవో అక్షరాలు కొట్టాయి. తెర మీద అన్నాచెల్లెళ్లిద్దరూ పొడవాటి బెంచీ మీద కూర్చున్న ఫొటో వచ్చింది.

కౌంటర్ మీద జకరయ్య ఫోను నల్లబడింది. చక్రం తిరగసాగింది.

ఆ మార్పు ఆయనకు ఎలా తెలిసిందో. గోడ వైపే తిరిగి ఉండి చెయ్యి వెనక్కి చాపి, తడిమి, ఫోను తీసుకున్నాడు. రెండు చేతులతో మోకాళ్ల మధ్య పట్టుకున్నాడు. నల్లటి తెరనే చూస్తున్నాడు. వెనక్కి తిరిగి బిడ్డను చూడలేడు. కానీ ఆమె వచ్చిందన్న సంగతి ఆయనకు ఇన్నాళ్లూ తెలిసింది ఆ నలుపు ద్వారానే. ఆయనకు ఆమె ముఖమంటే అదే.

రూటర్ పేజీ ఇంకా దుకాణం కంప్యూటర్ తెర మీద ఉంది. పొద్దున్నుంచి గోదావరి దాన్ని చదివింది, ఫొటోలు తీయించింది, సాక్షుల సంతకాలు పెట్టించింది. ఒక్క అక్షరం ముట్టలేదు. చనిపోయిన మనిషి తన చేత్తో రాసిన ఆఖరి మాటలు అవి. కేసుకు వాటి అవసరం తీరిపోయింది. కాపలా అవసరమూ తీరిపోయింది. ఇంక కన్ను మూయాల్సిన పని లేదు.

మేకు. గొడుగు. గొడుగును తీసి ఇంకో చోట పెట్టవచ్చని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. తనకూ తోచలేదు.

ఆమె కౌంటర్ చుట్టూ నడిచి కంప్యూటర్ ముందు నిలబడింది. కెమెరా అన్న చోట పన్నెండును చెరిపింది. సామాను వరసలో ఇరవై మూడు తర్వాత ఖాళీ ఉంది. ఇరవై నాలుగు అని రాసింది. కెమెరా తేరుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. అప్పటికి అమరేందర్ ఇచ్చిన అయిదు నిమిషాల్లో, ఫోనులో బిడ్డను చూసుకునేంత ఇంకా మిగిలి ఉంటుంది. పన్నెండు ఉన్నచోటే, నవోమి ఒళ్లో, అలాగే ఉంది. గోడ వైపు తిరిగిన మనిషి మోకాళ్ల మధ్య ఫోనులో చక్రం తిరుగుతోంది.

గోదావరి సేవ్ నొక్కింది.